బెల్లం తిన్న పీహెచ్‌డీ

జనగామ కోర్టు గల్లీల నా జిరాక్సు దుకాణం పేరు చెప్తే జడ్జీలు సుత కుర్చీల సర్దుకొని కూసుంటరు. నన్ను చూసి కాదు, నేను టైపు కొట్టిన పిటిషన్ చూసి. కాగితం వేడి ఆరకముందే అవతలి పార్టీ రాజీకొచ్చిన కేసులు నా సర్వీసుల కుప్పలుగ ఉన్నయి. నా పేరు ఆమెర్. లా కాలేజీల రెండో ఏడాది నడిమిట్ల బయటికొచ్చిన. ఫెయిలయిండని కొందరంటరు, వాళ్ళ మాట పట్టించుకోకండి. నేనడిగే ప్రశ్నలకు జవాబు దొరకక ఇద్దరు లెక్చరర్లు ఒకే నెలల బదిలీ పెట్టుకున్నరు. పిల్లలున్నోళ్ళు, వాళ్ళ ఉసురెందుకని నేనే తప్పుకున్న.

నాతోటి అదే బెంచీ మీద కూసున్న రఘునాథ్ మాత్రం తప్పుకోలే. లా అయింది, దాని మీద మాస్టర్ లా అయింది, దాని మీద పీహెచ్‌డీ పట్టిండు. పట్టిన కాడికెళ్ళి ఆయన దాన్ని వదల్లే, అది ఆయనను వదల్లే. మాతోటి చదివిన పోరగాండ్లల్ల ఒకడు పేరున్న వకీలయిండు, ఒకడు మున్సిపాలిటీల కౌన్సిలరయిండు, ఇంకొకని పెద్దబిడ్డ పదో తరగతికొచ్చింది. రఘునాథ్ ఇంకా "సబ్మిట్ చేసే దశ"ల ఉన్నడు. ఆ దశ ఎన్నేండ్ల సంది నడుస్తున్నదో ఆయన పెండ్లాం పూజను అడిగితే చెప్పదు, వంటింట్ల గిన్నెలు జర గట్టిగ పెడతది.

గూడూరు దాటి అడవి అంచుకు పోతే వచ్చే ఒక తండ ఆయనది. అట్లని ఆయనంటడు. నన్నడిగితే ఆయనది హాస్టలు. పలక పట్టిన నాడే ఆశ్రమ పాఠశాలల వేసిన్రు. నాయిన బొగ్గుబాయిల కాంట్రాక్టు కూలికని భూపాలపల్లికి పోతే, ఈయన ఆ ఊరి హాస్టలుకు మారిండు. అటెన్క అన్నీ హాస్టళ్ళే. ఇప్పుడు ఓటు భూపాలపల్లిల, రేషన్ కార్డు భూపాలపల్లిల, పూజ నౌకరి భూపాలపల్లి దవాఖానల. ఈయన అక్కడనే ఒక ప్రైవేటు కాలేజీల పార్టుటైం పాఠాలు చెప్తడు. తండల ఆయనకు మిగిలింది సగం కూలిన మట్టిగోడ. దాని మీద ఎవరో పిడకలు కొట్టుకుంటున్నరు. తీజ్ పండుగకు పోతడు, ఫొటోలు దిగి వస్తడు. లంబాడ మాట వస్తది గని, వార్డెన్ రూల్సు చదివినట్టు మాట్లాడుతడని తండ ఆడోళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతరు.

సీదా జవాబు ఆయన నోట్లకెళ్ళి రాదు. అన్నం తిన్నవా అంటే "ప్రాథమికంగా తిన్న" అంటడు. వాన వస్తదా అంటే "ఒక కోణంల చూస్తే" అంటడు. చాయల చక్కెర ఎంత వెయ్యాలని అడిగిన చాయవాలా, ఈయన జవాబు అయిపోయే లోపల్నే పక్కనున్న నలుగురికి చాయ పోసి పైసలు సుత తీసుకున్నడు. గిది కండ్లార చూసిన సంగతి.

థీసిస్ దేని మీద అంటే, తండలల్ల పెద్దమనుషులు పంచాయితీలు ఎట్ల తెంపుతరు, ఆ రివాజులకు చట్టంల జాగ ఉన్నదా అని. తండోళ్ళు చెప్పేది లంబాడల, ఆయన రాసేది ఇంగ్లిష్‌ల, నేను టైపు కొట్టుకుంట తిట్టేది తెలుగుల. భూపాలపల్లిల టైపు కొట్టేటోళ్ళు లేరా అంటే ఉన్నరు. కాకపోతే లాటిన్ ముక్కలు తప్పు లేకుండ కొట్టేది తెలంగాణల నేనొక్కన్నే. రోమ్ నగరంకెళ్ళి నాకు ఫోను వచ్చింది ఒకసారి, ఆ సంగతి మళ్ళ చెప్త.

ఆయన గైడు విశ్వంభరం సార్. యూనివర్సిటీల పెద్ద కుర్చీ. తండను ఆయన ఒకేసారి చూసిండు, మహబూబాబాద్ దాటినంక రైలు కిటికీలకెళ్ళి. దాని మీద రెండు వ్యాసాలు రాసిండు. రైలు జర నెమ్మదిగ పోయుంటే పుస్తకమే వచ్చేది. సార్ ఇంటి గ్యాస్ బండ, సార్ బిడ్డ స్కూటీ సర్వీసింగ్, సార్ మామగారి కండ్లద్దాలు, ఇవన్నీ రఘునాథ్ పరిశోధనల భాగాలు. మిర్చి ఏరే కాలం వచ్చిందంటే మంచి కారం పొడి సుత పరిశోధనల కలుస్తది. అన్నీ చేసినంక సార్ ఒక్క మాట చెప్పి పంపేటోడు. అన్ని అధ్యాయాలు బాగున్నయి, ఐదో అధ్యాయానికి మాత్రం ఒక పంచాయితీని మొదటికెళ్ళి చివరిదాంక నీ కండ్ల ముందట జరగంగ చూసి రాయాలె. చూడాలె, వినాలె, రాసుకోవాలె, వేలు పెట్టొద్దు. వేలు పెడితే అది పరిశోధన కాదు, ఊరి ముచ్చట.

పంచాయితీ కావాలంటే కొట్లాట కావాలె. ఈయన కొట్లాట కోసం ఎదురుచూసుకుంట రెండు ఎండకాలాలు గడిపిండు. తండోళ్ళకు ఫోన్లు చేసి, అంతా మంచిదేనా అనడిగి, మంచిదే అంటే నారాజయేటోడు.

ఆఖరుకు ఆయన అదృష్టానికి మోతీలాల్‌కు, ధర్మాకు పడ్డది. ఇద్దరూ ఆ తండోళ్ళే. మోతీలాల్‌కు గూడూరుల ఎరువుల దుకాణం. తెల్లంగి, తెల్ల చెప్పులు, రాబోయే సర్పంచ్ ఎలక్షన్ల నిలబడుదామని ఇప్పటికెల్లే అందరికి దండాలు పెడుతున్నడు. ధర్మా ముసలి తల్లి సుక్కితోటి ఉంటడు, తన చెల్కల మిర్చి పెడతడు. ధర్మా చెల్కకు పోవాలంటే మోతీలాల్ చెల్క ఒడ్డు మీదికెళ్ళి పోవాలె. తాతల నాటి బాట. నడిచి పోయినన్ని దినాలు ఎవరికీ నొప్పి లే. ధర్మా ట్రాక్టరు తోలంగనే మోతీలాల్‌కు నొప్పి లేసింది.

పంచాయితీ కూసుంటున్నదని ధర్మా ఫోను చేస్తే రఘునాథ్ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. పొద్దుగాల్నే నా బండి మీద బయలెల్లినం. నా బండి సంగతి జర చెప్పాలె. ఒకసారి బయ్యారం దిక్కు పోయినప్పుడు పెట్రోలు అయిపోయింది. అక్కడ ఇనుప గుట్టలున్నయి గద, అవి బండిని గుంజుకుంట పోయినయి. బ్రేకు వేసి ఆపుకోవాల్సి వచ్చింది. అంత ఇనుమున్న బండి. నర్సంపేటల టిఫినుకు ఆగుదామంటే రఘునాథ్ వద్దన్నడు. మొదటి మాటకెళ్ళి చూడకపోతే అధ్యాయం చెల్లదంట. ఆ టిఫినే కొంప ముంచింది. అక్కడ నాలుగు ఇడ్లీలు తినుంటే ఈపాటికి ఆయన డాక్టరయి కూసునేటోడు.

సేవాలాల్ గుడి ముందటి రేకుల షెడ్డు కింద పెద్దమనుషులు ఏడుగురు జంపఖానా మీద కూసున్నరు. తండకు పెద్ద నాయక్ నడిమిట్ల. రఘునాథ్ వాళ్ళతోటి కూసోలే. దూరంగ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకొని, ఫోన్ల రికార్డింగు పెట్టి, జేబులకెళ్ళి మూడు రంగుల పెన్నులు తీసిండు. నీలం మోతీలాల్‌కు, నలుపు ధర్మాకు, ఎరుపు పెద్దమనుషులకు. పరిశోధకుడు అంటే దూరం పాటించాలె అన్నడు. నేను జంపఖానా మీదనే కూసున్న. నాకు లంబాడ మాట రాదు, అయినా సగం ఫైసలా నా మొకం చూసే చేసిన్రు.

పొద్దు నెత్తి మీదికెళ్ళి దిగిందాంక మాట్లాడిన్రు. మోతీలాల్ తాత ఎవరికి ఎద్దును ఇచ్చిండు, ధర్మా తాత ఆ ఎద్దును ఎట్ల కొట్టిండు, ఎద్దు ఎట్ల సచ్చింది, ఆ ఎద్దు కథనే చానసేపు నడిచింది. బాట సంగతి ఆఖరుకు జరంత సేపు. ఫైసలా ఏమంటే, ఒడ్డు పొంటి ట్రాక్టరు పట్టేంత బాట మోతీలాల్ వదలాలె, ధర్మా ఆ బాటకు మొరం పోసుకోవాలె. ఇద్దరూ ఒప్పుకున్నరు.

ఒప్పుకున్నంక ఆ తండల ఒక రివాజున్నది. ఇత్తడి పల్లెంల బెల్లం ముక్కలు తిప్పుతరు. తిన్న తండోడు ఆ ఫైసలాకు సాక్షి. రేపు ఎవడన్న మాట తప్పితే, తిన్నోడు నలుగుట్ల లేచి జరిగింది చెప్పాలె. తండ బయటోడు తింటే మర్యాద కింద లెక్క, సాక్ష్యం కింద లెక్క కాదు. నేను రెండు ముక్కలు తిన్న, పూర్తి మర్యాదగ. పల్లెం తిరిగి తిరిగి ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి పోయింది. రఘునాథ్ ఎర్ర పెన్నుతోటి రాసుకుంటనే ఉన్నడు. కండ్లు కాగితం మీద, కడుపు ఖాళీ. ఎడమ చెయ్యి దానంతటదే పోయింది, ముక్క నోట్లె పడ్డది. నములుకుంటనే తర్వాత వాక్యం రాసుకున్నడు.

తిరిగి వచ్చేటప్పుడు నర్సంపేట హోటల్ల అడిగిన, భాయ్, నువ్వు బెల్లం తిన్నవు గదా అని. అది ఆతిథ్యం అన్నడు. మరి మూడో అధ్యాయంల ఏం రాసినవు అన్న. ఎందుకంటే ఆ బెల్లం రివాజు మీద మూడో అధ్యాయంల ఇరవై పేజీలు రాసింది ఈయననే, టైపు కొట్టింది నేనే. తినుడంటే నోటితోటి పెట్టిన సంతకమని ఎంత సొగసుగ రాసిండో. ఇడ్లీని చట్నీల అద్దుకున్నడు. ఆ సూత్రం పరిశోధనకు లోబడిన వ్యక్తులకు వర్తిస్తది, పరిశోధకునికి వర్తించదు అన్నడు. రివాజు మీద పుస్తకం రాసేటోనికి రివాజు అంటుకోదన్నమాట. దవాఖానల పనిచేసేటోళ్ళకు జరం రాదన్నట్టు. పూజకు చెప్పాలె ఈ మాట.

ఐదో అధ్యాయం రాసిండు. నేను కొట్టిన. నిజం చెప్పాలంటే ఆ ఎద్దు కథ నేను జర మెరుగు పెట్టిన, లేకుంటే చదివేటోనికి నిద్ర పట్టేది. విశ్వంభరం సార్ మొదటిసారి "ఫరవాలేదు" అన్నడంట. ఆ ముక్కకే రఘునాథ్ జనగామల నలుగురికి బిర్యానీ తినిపిచ్చిండు. సబ్మిట్ చేసే ముందట పెట్టే సెమినారుకు తారీకు పడ్డది. ఇగ గడువు పెంచేది లేదని, ఇదే ఆఖరని యూనివర్సిటీ చెప్పేసింది. పూజ గిన్నెలు జర మెల్లగ పెట్టబట్టింది.

మిర్చి ఎర్రబడ్డది. ధర్మా కాయ ఏరిచ్చి చెల్కలనే కల్లం చేసి ఆరబోసిండు. బస్తాలకెత్తే యాళ్ళకు చూస్తే బాట లేదు. మోతీలాల్ నాగలి పెట్టి దున్నేసిండు, పైకెళ్ళి కంపకొట్టిండు. అడిగితే, ఏ బాట అన్నడు. పైన మబ్బు పట్టింది. కల్లం మీద మిర్చి తడిసిందంటే తాలుకాయ, దాని మొకం ఎవడూ చూడడు.

ధర్మా పెద్దమనుషుల దగ్గరికి ఉరికిండు. అప్పుడు చూడాలె వాళ్ళ తెలివి. ఒకాయనకు షుగరంట, ఆ నాడు బెల్లం బుగ్గన పెట్టుకొని ఇంటెనుక ఉమ్మేసిండంట. ఇంకొకాయనకు పండ్లు లేవు, జేబుల వేసుకొని మేకకు పెట్టిండంట. సాక్షి ఇగ మేక. ఒకాయన తిన్నడు గని ఏ ఫైసలా బెల్లమో యాది లేదన్నడు, ఆ నెలల మూడు తిన్నడంట. నాయక్ అయితే చెవి వినపడనట్టు చేసిండు, ఆయన చెవులు ఎంత మంచివో తండ కుక్కలకు తెలుసు. అందరికీ మోతీలాల్ దుకాణంల ఎరువు కావాలె, రేపు ఆయన సర్పంచైతే సంతకం కావాలె. ఇగ బెల్లం తిన్నోళ్ళల్ల మిగిలింది ఒక్కడు. ప్లాస్టిక్ కుర్చీ మీదోడు.

సెమినారుకు కాపీలు తీసుకుంట రఘునాథ్ నా దుకాణంల ఉన్నప్పుడు ధర్మా, సుక్కి దిగిన్రు. పూజ చెప్పి పంపిందంట ఇక్కడున్నడని. సుక్కి ముసల్ది, బస్సుల్ల వచ్చి నలిగి ఉన్నది. నా స్టూలు మీద కూసొని, మిషన్లకెళ్ళి వెచ్చగ పడుతున్న కాగితాలను చూసుకుంట, గదంతా మన తండ గురించేనా అనడిగింది. ప్రాథమికంగా అన్నడు ఈయన. అయితే మల్లా పంచాయితీ పెట్టిస్తున్నం, వచ్చి చెప్పు, తిన్నవు గద అన్నది. ధర్మా వాకిట్ల నిలబడి మబ్బు దిక్కే చూసిండు.

రఘునాథ్ మొకం నేను తప్పు కొట్టిన పేజీ లెక్క అయింది. సార్‌ను అడిగి చెప్త అని ఫోను కలిపిండు. స్పీకర్ పెట్టొద్దనుకున్నడు గని, నా దుకాణంల నెట్‌వర్కు స్పీకర్ పెడితేనే వినిపిస్తది. సార్ గొంతు పుస్తకంల అక్షరాల లెక్క వచ్చింది.

"చూడు రఘునాథ్, నువ్వక్కడ తిన్నది అతిథిగా. అలా చెప్పు, లేదా అసలు వెళ్ళకు. వెళ్ళి సాక్ష్యం చెప్పావనుకో, నీ అధ్యాయంలో నువ్వే పాత్రవి అయిపోతావు. ఆ అధ్యాయం నేను కొట్టేస్తాను. తర్వాత నీ గడువు, నీ అదృష్టం."

ఫోను పెట్టేసిన కొద్దిసేపటికే ఇంకో ఫోను. మోతీలాల్. తమ్మీ అని మొదలుపెట్టిండు. నువ్వు తండకు గర్వకారణం, నీకు డాక్టరేటు రాంగనే గూడూరు సెంటర్ల ఫ్లెక్సీ కట్టిస్త, శాలువ కప్పుత అన్నడు. జనం ఏదో అంటరు, నువ్వు ఆ నాడు మాకు గెస్టువి, గెస్టును పంచాయితీలకు గుంజితే తండ ఇజ్జత్ పోతది అన్నడు.

చూసిన్రా తమాషా. యూనివర్సిటీల ప్రొఫెసరు, గూడూరుల యూరియా అమ్మేటోడు, ఒకని మొకం ఒకడు చూడలే. ఇద్దరిదీ ఒకటే తీర్పు, ఒకటే మాట. అంతంత లావు పుస్తకాలు చదివి సార్ ఎక్కడికి చేరిండో మోతీలాల్ బస్తాలు మోసుకుంటనే అక్కడికి చేరిండు. రఘునాథ్‌కు చెయ్యాల్సింది ఒక్కటే పని, గెస్టు అని ఒక్క మాట అనుడు. ఆ మాటతోటి డాక్టరేటు వస్తది, శాలువ వస్తది, పూజ మొకం మీద నవ్వు వస్తది. ధర్మా మిర్చికి మాత్రం బాట రాదు.

నేనైతే ఏం చేసేటోన్నో చెప్పాల్నా. ఇద్దరినీ ఒకే ఫోన్ల కలిపి, వాళ్ళ చెవులు వాళ్ళతోటే పిండించేటోన్ని. ఈయన అట్ల కాదు. సుక్కిని, ధర్మాను బస్సెక్కించి, తెల్లారిందాంక నా దుకాణంల మూడో అధ్యాయం ముందటేసుకొని కూసున్నడంట, అందుల తనకు తప్పించుకునే సందు ఏమన్న రాసుకున్ననా అని. సందు లేదు. ఆయన అంత పక్కాగ రాసిండు, నేను అంత పక్కాగ కొట్టిన.

పంచాయితీకి మళ్ళ నా బండే. ఈసారి నర్సంపేటల కడుపు నిండ తినిపిచ్చిన. అదే రేకుల షెడ్డు. ఈసారి ప్లాస్టిక్ కుర్చీ వేసే లోపల్నే మోతీలాల్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకొని, గెస్టు గద అని, జంపఖానాకు దూరంగ, మెత్త వేసిన మంచి కుర్చీల కూసుండబెట్టిండు. చేతిల కూల్‌డ్రింక్ సుత పెట్టిండు. పెద్దమనుషులు ఎవరి కాలి గోర్లు వాళ్ళు చూసుకుంటున్నరు.

అడిగింది మోతీలాలే. నేను చదువుకోలే, చట్టం తెల్వదు, యూనివర్సిటీ ఆయననే చెప్పమనుండ్రి, ఆ నాడు ఏ హైసియత్‌ల, ఏ లెక్కన తిన్నడో అన్నడు. రఘునాథ్ లేచిండు. లేచి మొదలుపెట్టిండు, సాక్షి అంటే ఎవరు, పరిశీలకుడంటే ఎవరు, ఇద్దరి మధ్యల గీత ఎక్కడున్నది. లంబాడల లేని మాటలకు ఇంగ్లిష్, ఇంగ్లిష్‌ల లేనియి లాటిన్. షుగరాయన ఆవులించిండు. మేకాయన నిద్రపోయిండు. నాకు నమ్మకం పోయింది, ఈయన గిట్లనే గెస్టు దగ్గరికి నడుచుకుంట పోతున్నడని.

అప్పుడు ఆడోళ్ళ దిక్కుకెళ్ళి సుక్కి లేచింది. వాళ్ళిద్దరి లంబాడ మాటలు నాకు అటెన్క తెలుగుల చెప్పిన్రు.

"బిడ్డా, నువ్వు పుట్టినప్పుడు మీ అయ్య గిదే పల్లెంల తండంతా బెల్లం పంచిండు. నేను తిన్న. అప్పుడు సుత నువ్వు గెస్టువేనా? ఆ కతలు సార్లకు చెప్పు. నాకు తిన్నవా, తినలేదా?"

రఘునాథ్ నోరు తెరిసిండు. ప్రాథమికంగా అని వస్తదని నేను కండ్లు మూసుకున్న. రాలే. కూల్‌డ్రింక్ సీసాను కుర్చీ కింద పెట్టి, చెప్పులిడిచి, వచ్చి జంపఖానా మీద కూసున్నడు.

"తిన్న. ఈ తండోన్ని గనుక తిన్న. ఒడ్డు పొంటి ట్రాక్టరు బాట వదులుతనని మోతీలాల్ అన్న ఒప్పుకున్నడు. నేను విన్న."

అంతే. ఆయన జీవితంల అంత పొట్టి మాటలు ఆయన చెప్పంగ నేను వినలే. ఒకడు చెప్పినంక మిగిలినోళ్ళకు ధైర్యం రాలే, సిగ్గు సుత రాలే, కాకపోతే ఎటు గాలి ఉంటే అటు తిరిగే మనుషులు గనుక ఇటు తిరిగిన్రు. షుగరాయన ఉమ్మేసిన మాట నిజమే గని జర రసం మింగిన అన్నడు. నాయక్‌కు చెవులొచ్చినయి. మోతీలాల్ నవ్వుకుంటనే లేచి, నేను కాదన్ననా, యాది మరిచిన అన్నడు. రేపు ఓట్లు అడుగాలె గదా. ఆ పొద్దుగూకే లోపల కంప తీసిన్రు, ధర్మా ట్రాక్టరు బస్తాలతోటి బయటికొచ్చింది. ఇంత హంగామకు కారణమైన మబ్బు ఒక్క చినుకు సుత రాల్చకుండ భూపాలపల్లి దిక్కు పోయింది.

సార్ చెప్పినట్టే చేసిండు. ఐదో అధ్యాయం మీద మొదటి పేజీకెళ్ళి ఆఖరి పేజీదాంక ఎర్ర గీత కొట్టిండు. నా ఎద్దు కథ మీదికెళ్ళి సుత. దానికి నేను ఆయనను క్షమించ. సెమినారు తారీకు పోయింది. రఘునాథ్ యూనివర్సిటీ చుట్టు తిరిగి, ఎవరెవరి కాళ్ళో పట్టుకొని, గడువు జరంత పెంచుకొచ్చిండు. సార్ షరతు ఒక్కటే. వేరే తండ, వేరే పంచాయితీ, ఈసారి నోరు కట్టుకొని కూసో.

ఈసారి ఈయన పక్కా ప్లాను చేసుకున్నడు. నర్మెట్ట దిక్కు ఒక తండ, బెల్లం రివాజు అక్కడ సుత ఉన్నది. చుట్టాలు లేరు, ఎరుకైనోళ్ళు లేరు. కడుపు నిండ తిని పోయిండు. బెల్లం పల్లెం వస్తే ఏమనాల్నో బండి మీద నాతోటి ప్రాక్టీసు చేసిండు. చెయ్యి జోడించి, తల జర వంచి, "క్షమించండి, నేను పరిశీలకుణ్ణి, మీ సంప్రదాయం మీద గౌరవంతోనే వద్దంటున్న" అనాలె. జనగామకెళ్ళి నర్మెట్ట దాంక నా వీపుకు అదే చెప్పుకుంట వచ్చిండు.

పంచాయితీ అయింది. ఒక మేకల మంద, ఒక పెసర చేను, ఎద్దు లేదు, ఏం రుచి లేదు. ఫైసలా అయింది. పల్లెం లేసింది. రఘునాథ్ చెయ్యి జోడించి, తల వంచి తయారుగ ఉన్నడు. పల్లెం ముందటి వరస తిరిగింది, ఎనుక వరస తిరిగింది. నాకు వచ్చింది, నేను తిన్న. పాల కేన్లతోటి అటుకెళ్ళి పోతున్న ఒకాయనను ఆపి పెట్టిన్రు. రఘునాథ్ దగ్గరికి వచ్చేసరికి పల్లెం తిప్పేటోడు పెద్దమనిషి దిక్కు చూసిండు. పెద్దమనిషి తల అడ్డం ఊపిండు. పల్లెం పక్కకెళ్ళి పోయింది.

సంగతి ఏందంటే, తండలకు తండలకు చుట్టరికాలుంటయి, అందరి చేతులల్ల ఫోన్లుంటయి. గూడూరు కతంతా వాట్సాప్‌ల నర్మెట్ట చేరింది, ఫొటోతోటి. గీయనకు మర్యాదకు సుత బెల్లం పెట్టొద్దు, పెడితే లేచి నిజం చెప్తడు అని. రేపు మాట తప్పుదామనుకున్నోడు ఎవడు పెడతడు.

అధ్యాయం రాసిండు. అంత శుద్ధమైన అధ్యాయం యూనివర్సిటీల ఎన్నడూ చూడలేదన్నరంట. పరిశోధకుడు ఎక్కడా వేలు పెట్టలే, ఒక్క ముక్క ముట్టలే. సెమినార్ల సార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టిండంట. బెల్లం పల్లెం గురించి అందుల ఒక పేజీ ఉన్నది. అది పరిశోధకుని దగ్గరికి ఎందుకు రాలేదో మాత్రం ఎవరూ అడుగలే, ఈయన రాయలే.

మొన్న బైండింగుకు వచ్చిండు. నల్ల రెగ్జిన్ అట్ట, బంగారు అక్షరాలు, నా అసలు పనితనం. పేరు మీద వేలు పెట్టి చూసుకొని సంబురపడుతడనుకున్న. స్టూలు మీద కూసొని రోడ్డు దిక్కు చూస్తున్నడు. ఏమైంది భాయ్, డాక్టర్ సాబ్ అన్న.

"పాల కేన్లాయనకు సుత పెట్టిన్రు ఆమెర్."

తినొద్దనే గద నువ్వు పోయింది అన్న.

"వద్దనాల్సింది నేను. పెట్టకుండ పోవుడేంది?"

ఈ మాట థీసిస్‌ల పెట్టు, మిగిలిన నాలుగు వందల పేజీల కన్నా గిదే బాగున్నది, పైసలు తీసుకోకుండ కొడత అన్న. అట్ట మీద దుమ్ము లేకున్నా తుడిచిండు.

ప్రాథమికంగా కుదరదన్నడు.